గాజులకు కట్టిన గుడ్డ

శంకరాపరణి ఏరు పొంగి మూలకుళం దాకా నీళ్ళెక్కిన ఏడు అది. మా వీధిలో పెళ్ళిళ్ళూ చావులూ ఇప్పటికీ ఆ వరద నుంచే లెక్క. నీళ్ళు తీసిపోయినా మా నెల్లితోపు గోడల మీద బురద చార ఇంకా ఆరలేదు. ఆ చార కిందనే, మా ఇంట్లో, పట్టపగలు పంచాయితీ కూర్చుంది.

నేను చాప మీద ఉన్నాను. జ్వరం దిగుతోంది గానీ పూర్తిగా దిగలేదు. పీట మీద గోనెపట్టా మడిచి వేసి, కుడికాలు దాని మీదికి ఎత్తిపెట్టుకున్నాను. బోదకాలు. చూసేవాళ్ళు ముందు దాన్ని చూసి, తరవాత నన్ను చూస్తారు.

మా అన్న కాళియప్పన్ గడప లోపల కూర్చున్నాడు. వీధికి పెద్ద ఆయనే. నా బామ్మర్ది కుప్పన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా ఇల్లాలు కన్నియమ్మాళ్ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. ఆమె వీపే మాకు కనిపిస్తోంది.

వాకిట్లో భక్తవత్సలం అయ్యగారి పుష్‌పుష్ బండి నిలబడి ఉంది. ఆ వేళకు అది రేవు దగ్గర, అయ్యగారి వేరుశనగ గిడ్డంగి ముందు ఉండాలి. నెల్లితోపులో నా గుమ్మం ముందు ఉంది. గొడవంతా అదే.

అది మనిషి లాగే బండి కాదు, తోసే బండి. ఎక్కిన మనిషి మెత్త మీద కూర్చుని, ముందున్న చిన్న చక్రాన్ని తిప్పే కడ్డీ పట్టుకుంటాడు. తోసేవాడు వెనక టాపు చాటున అడ్డకడ్డీ పట్టుకుని తోస్తాడు. దారి ఆయనది, బలం వీడిది. ఎక్కినవాడు వెనక్కి తిరిగినా టాపు తప్ప ఏమీ కనబడదు. ఏళ్ళ తరబడి నేను అయ్యగారిని రెడ్డియార్‌పాళయం నుంచి రేవుకు తోశాను. ఆయన నా మొహం చూసిన వేళలు తక్కువ.

పొద్దున జరిగినదాన్ని మా అన్న నేరం చదివినట్టు చదివాడు. జ్వరం పట్టి నేను లేవలేదు. కన్నియమ్మాళ్ నా పంచె గోచి పోసి కట్టి, నా చొక్కా తొడుక్కుని, తలకు పాగా చుట్టి, అయ్యగారి ఇంటికి పోయి కడ్డీ పట్టుకుని నిలబడింది. అయ్యగారు ఎక్కి పద అన్నారు. ఈమె తోసింది. కాలువ వంతెన దాకా ఎవరికీ తెలియలేదు.

వంతెన దిగేటప్పుడు బండి ఉరుకుతుంది. తోసేవాడు వెనక్కి వాలి, మడమలు తన్నిపెట్టి ఆపాలి. అట్లా ఆపేటప్పుడు ఆమె చేతి గాజులకు చుట్టుకున్న గుడ్డ జారిపోయింది. గాజులు గల్లుమన్నాయి. అయ్యగారు దిగి, టాపు చుట్టూ తిరిగి వచ్చి చూశారు. గొడుగు తీసుకుని ఎండలో రేవుకు నడిచిపోయారు.

ఈమె బండి తిప్పుకుని ఇంటికి వచ్చింది. సందుల వెంట కాదు, నడిబజారు మీదుగా. పాగా ఊడిపోతే మళ్ళీ చుట్టుకోలేదట. ఎవరి బండే అది అని అంగట్లో ఎవడో అరిస్తే, మా ఆయన బండి అని చెప్పి వచ్చిందట.

ఇది మొదటిసారి అని మా అన్న అనుకుంటున్నాడు. నేను సరిచేయలేదు. ఆ వానాకాలం మొదలైనప్పటి నుంచి నాకు జ్వరం వచ్చినప్పుడల్లా కన్నియమ్మాళే తోస్తోంది. అయ్యగారికి అనుమానం రాలేదు. వెనక ఉన్నవాడు ఒక్క మాట కూడా మాట్లాడటం లేదంటే వాడు మునుసామే, అంటే నేనే, అని ఆయన ధీమా.

అయ్యగారు పంపిన మాట కుప్పన్ తెచ్చాడు. వరద నీళ్ళు ఇంజనులోకి దిగి వాడు పనిచేసే మిల్లు మూతపడింది. వాడు కూలి కోసం రేవు దగ్గరే తచ్చాడుతున్నాడు. రేపు పొద్దునకి బండి అయ్యగారి వాకిట్లో ఉండాలని, కడ్డీ పట్టుకునేది మంచి కాళ్ళున్న మగవాడై ఉండాలని, మునుసామి వద్దని ఆ మాట.

"కుప్పన్ తోస్తాడు" అన్నాడు మా అన్న. "నీకు బియ్యం వేస్తాడు. నువ్వు ఇంట్లో కూర్చోని పీచుతాడు పేనుకో. కాలు చాపుకోని చేసే పని."

నేను కాలి కింద గోనెపట్టా సర్దుకున్నాను.

"ఏందిరా, చెవులక్కూడా బోద దిగిందా?"

"దిగుంటే బాగుండు" అన్నాను. "నీ మాటలు ఇనపడకుండా పోవును."

కుప్పన్ నవ్వబోయి మానుకున్నాడు.

మా అన్నకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. తగ్గిన గొంతుతోనే నా కాలి చరిత్ర చెప్పుకొచ్చాడు. చంకన బిడ్డలాగా పెరుగుతోందన్నాడు. అమావాస్య వస్తే జ్వరం, పున్నమి వస్తే జ్వరం అన్నాడు. గజ్జల్లో బిళ్ళ కట్టి వణుకు పుట్టిందంటే నన్ను లేపడానికి నలుగురు కావాలన్నాడు. అట్లాంటివాడు పరాయి మనిషిని వంతెన దాటిస్తానంటే ఎవడు నమ్ముతాడన్నాడు.

అందులో అబద్ధం లేదు. కానీ అది జ్వరం ఉన్న రోజుల సంగతి. మిగతా రోజుల సంగతి ఎవరూ అడగలేదు. ఆసుపత్రి దొర నా కాలు నొక్కి చూసి, ఇది తగ్గదు, కడుగు, కట్టు, ఎత్తిపెట్టు అన్నాడు. మూడు మాటలే. ఆ మూడూ నేను తప్పలేదు. ఉప్పునీళ్ళతో వేళ్ళ సందులు కడిగి ఆరబెడతాను. తెల్లవారి కాలు నేల మీద మోపకముందే, పాత పంచె చింపిన పట్టీతో మునివేళ్ళ నుంచి పైకి బిగించి కడతాను. కట్టిన కాలు బరువుగా ఉంటుంది. నొప్పి ఉండదు. తోయడానికి బరువు మంచిదే. ఒకసారి ముందుకు పడితే వెనక్కి రాదు.

ఇదంతా నేను చెప్పలేదు. అడిగినా చెప్పలేను. నోట్లో మాట ఉండదు నాకు.

కుప్పన్ చెడ్డవాడు కాదు. వాడి బాధ వేరు. అక్క చేసిన పనికంటే, అది పట్టుబడిన తీరు వాడికి మింగుడుపడటం లేదు.

"దొంగపని చేస్తే సరిగ్గా చేయాల గదక్కా" అన్నాడు. "గాజులు తీసి గూట్లో పెట్టిపోయుంటే ఎవురికి తెలిసుండును? చొక్కా తొడిగినావు, పాగా చుట్టినావు. గాజుల దగ్గరికొచ్చేసరికి గుడ్డ కడితే సరిపోతుందా?"

కన్నియమ్మాళ్ అప్పుడు ఇటు తిరిగింది. పొయ్యి వేడికి మొహం చెమట పట్టి ఉంది.

"మీ బావ యాడ పడుకోనుండాడు?" అంది.

"చాప మీద."

"ఎట్లుండాడు?"

"జ్వరంతో."

"కట్టుకున్నోడు జ్వరంతో చాప మీద పడుంటే ఆడది గాజులు తీసిపెట్టి పోతుందా? మన అమ్మ పోయిందా ఎప్పుడన్నా? నీ పెళ్ళాం పోతుందా? పాగా ఇప్పితే మళ్ళీ చుట్టుకోవచ్చురా కుప్పా. ఇది అట్లా కాదు."

మా అన్న గడ్డం గోక్కున్నాడు. తీయాల్సింది అని ఆయన అనలేడు. అంటే తమ్ముడి చావు కోరినట్టు. తీయకపోవడమే మంచిది అని కూడా అనలేడు. అంటే పంచాయితీ అక్కడితో అయిపోయినట్టు. రెండు వైపులా మాట ఇరుక్కుంది.

చివరికి లేచాడు. పెద్దమనిషి లేస్తే తీర్పు వచ్చినట్టే.

బండి కుప్పన్‌ది అన్నాడు. ఈ ఆడది మళ్ళీ ఆ కడ్డీ ముట్టిందంటే ఈ ఇంటికి వీధిలో నిప్పు లేదు, నీళ్ళు లేవు, పిలుపు లేదు అన్నాడు. గడప దాటబోతూ ఆగి నా కాలు వైపు చూశాడు.

"ఇది తీసుకోని నువ్వు పెద్దమనుషుల ముందు నిలబడతావు. నాకే సిగ్గుగా ఉంటుందిరా."

నేను పీట మీద నుంచి కాలు దించాను. రెండు చేతులతో పట్టుకుని దించాలి. దించి, ఇంటి నడిమధ్య, ఆయన కళ్ళ ముందర పెట్టాను.

"ఇదే అన్నా, ఇంతకాలం తోసింది" అన్నాను. "నీకు సిగ్గయితే నువ్వు కళ్ళు మూసుకో."

ఆయన వెళ్ళిపోయాడు.

కన్నియమ్మాళ్ గంజి తెచ్చి పక్కన పెట్టింది. బాగా అన్నావని అనలేదు. ఎందుకన్నావనీ అనలేదు.

ఎండ తగ్గాక కుప్పన్ బండి కోసం వచ్చాడు. వాడి ఇల్లు వీధి చివర. రాత్రికి అక్కడ పెట్టుకుని, పొద్దున్నే అక్కడి నుంచి పోతానన్నాడు. నాకు చెప్పలేదు. వాకిట్లో నిలబడి గాలికి చెప్పినట్టు చెప్పాడు.

నేను గోడ పట్టుకుని లేచాను. కట్టు కట్టుకోలేదు. ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వాకిట్లోకి వచ్చాను. కడ్డీ దగ్గరికి పోతానని వాడు అనుకున్నట్టుంది, అడ్డంగా నిలబడ్డాడు. నేను అటు పోలేదు. ముందు వైపుకు తిరిగి, మెట్టు మీద ఎడమకాలు పెట్టి, కుడికాలు చేతులతో ఎత్తుకుని, అయ్యగారు కూర్చునే మెత్త మీద కూర్చున్నాను.

ఎన్నేళ్ళు తోసినా ఆ మెత్తను తుడవడమే గానీ తాకి కూర్చున్నది లేదు. మా వీధిలో ఎవడూ కూర్చున్నది లేదు.

ఎదురింటి తిన్నె మీద బియ్యప్పిండి పుట్టు అమ్మే తాయమ్మాళ్ ఉంది. మా వీధికి ఆమె నోరే దండోరా.

"ఏమయ్యా మునుసామీ" అంది. "దొరవైపోయినావా? చెప్పుంటే దండం పెట్టుకుందుమే."

"కూర్చోని చూస్తా ఉండానత్తా."

"ఎట్లుంది?"

"మెత్తగుంది."

తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు చేటలతో, మగవాళ్ళు తువ్వాళ్ళతో బయటికి వచ్చారు. కుప్పన్ మొహం నల్లబడింది. అది అయ్య కూర్చునే చోటు, దిగు బావా అన్నాడు. నేను దిగలేదు.

"బండి కావాల్నంటివే. తొయ్యి" అన్నాను.

వాడు పళ్ళు బిగించి వెనక్కి పోయాడు. మిల్లులో పనిచేసిన ఒళ్ళు. ఒక్క తోపుకే బండి కదిలింది. వీధి చివరికి తోసుకుపోయి, తన ఇంటి ముందు నన్ను దింపేయాలని వాడి పంతం. టాపు అడ్డం కాబట్టి వాడికి ముందు ఏమీ కనబడదు. అడ్డకడ్డీ మీద తల వంచుకుని తోస్తున్నాడు.

వెనక కడ్డీ వాడి చేతిలో ఉంది. ముందుది నా చేతిలో ఉంది.

వీధి నడుమ బావి దగ్గర చోటు వెడల్పు. అక్కడ నేను కడ్డీ తిప్పాను. కొంచెం కొంచెంగా, అయ్యగారు తిప్పినట్టే. బండి బావి చుట్టూ వంగి, వచ్చిన దారి పట్టింది. కుప్పన్ ఆయాసపడుతూ తోస్తూనే ఉన్నాడు. నవ్వులు వినబడుతుంటే అవి నా మీద అనుకున్నాడు కాబోలు, ఇంకా గట్టిగా తోశాడు. బండి మా గుమ్మం దగ్గరికి వచ్చి గోడకు తట్టుకుని ఆగింది.

వాడు తల ఎత్తి చూశాడు. ఎదురుగా తిన్నె మీద తాయమ్మాళ్.

"కుప్పా" అంది ఆమె. "ఇల్లు ఎప్పుడు మారిపోయినావురా? చెప్పనే లేదే."

వీధి వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు. వాడి మొహం చూశాను కాబట్టి.

వాడు తిట్టలేదు. వచ్చి మా గుమ్మం మెట్టు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి అందరూ లోపలికి పోయేదాకా అట్లాగే కూర్చున్నాడు. తరవాత తల వంచుకునే అన్నాడు.

"మిల్లు సంగు ఊది పనికి పిలిచి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు గదా బావా. ఇంట్లో గంజి నీళ్ళు కూడా పలచబడిపోయినాయి. నీ పని దొంగిలించాల్నని నాకేమన్నా ఆశా?"

వాడు చెప్పింది నిజం. నాదీ నిజం. రెండు నిజాలకు ఒకే బండి ఉంది.

"పని ఎతుక్కో కుప్పా" అన్నాను చివరికి. "నా పని ఎతుక్కోవద్దు."

"అయ్య నిన్ను ఒప్పుకోడు."

"అది అయ్యకూ నాకూ."

"మరి అక్క? పెద్దాయన చెప్పినాడు గదా, నిప్పు లేదు నీళ్ళు లేవని."

"అది అక్కకూ నాకూ."

వాడు లేచి పంచె దులుపుకున్నాడు. పొద్దున తానూ అయ్యగారి ఇంటికి వస్తానన్నాడు. నేను ముందు వస్తే నేను, తాను ముందు వస్తే తాను అన్నాడు. బండి నా దగ్గర ఉందిగదరా అన్నాను. కాళ్ళు నా దగ్గర ఉన్నాయిగదా అని వెళ్ళిపోయాడు. నొప్పించాలని అన్న మాట కాదు. అందుకే బాగా తగిలింది.

లోపల కన్నియమ్మాళ్ దీపం ముట్టించింది. నేను బండిలో కూర్చున్నప్పుడు వీధిలో బయటికి రానిది ఆమె ఒక్కతే.

కాలు కడిగింది. ఎప్పటిలాగే వేళ్ళ సందులు గుడ్డతో అద్దింది. ఎర్రదనం తగ్గిందా అని వేలితో నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట పడి అట్లాగే ఉంది. నిండడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"రేపు నువ్వొక్కడివే తోయగలవా?" అంది.

"వంతెన దాకా తోస్తాను."

"వంతెన మీదికి?"

"ఎక్కిస్తాను."

"దించేటప్పుడు?"

జ్వరం దిగిన మరునాడు కాళ్ళలో పట్టు ఉండదు. ఎక్కించడానికి పంతం చాలు. దించడానికి పంతం చాలదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

"నీ చోట నేను నిలబడాల్నని ఏ పొద్దూ అనుకోలేదు" అంది. "ఇంకోడొచ్చి నిలబడకుండా కాసినాను. అంతే."

"తెలుసు."

"తెలిస్తే ఒక్కనాడన్నా చెప్పకూడదా, తెలుసని?"

ఇప్పుడు చెప్పాను గదా అనబోయి ఊరుకున్నాను. ఆమె దీపం వత్తి తగ్గించి అటు తిరిగి పడుకుంది.

పీచుతాడు సంగతి ఆలోచించాను. మా వీధిలో పేనేవాళ్ళు ఉన్నారు. మంచి పనే. కానీ ఒకటుంది. కడ్డీ పట్టుకున్నంతకాలం నేను పుష్‌బండి మునుసామిని. కడ్డీ వదిలిన నాటి నుంచి బోదకాలు మునుసామిని. కాలు అదే, పేరు మారుతుంది. ఆ పేరుతో పిలిస్తే పలకడం నాకు రాదు.

మెత్త మీద కూర్చున్నప్పుడు ఇంకొకటి తెలిసింది. అక్కడ కూర్చున్నవాడికి వెనక నుంచి వచ్చే బలం తెలుస్తుంది. ఎవరి బలమో తెలియదు. తెలియనంతవరకు అయ్యగారికి ఏ బాధా లేదు. ఒక్క వానచుక్క మీద పడకుండా, ఒక్కనాడు ఆలస్యం కాకుండా ఆమె ఆయన్ని రేవుకు చేర్చింది. గాజులు మోగాకే ఆయనకు ఎండలో నడవాలనిపించింది.

తెల్లవారింది. కోడి కూసేసరికే లేచాను.

కాలు నేల మీద మోపకముందే పట్టీ తీసుకుని మునివేళ్ళ నుంచి చుట్టడం మొదలుపెట్టాను. మడమ దాటింది, పిక్క ఎక్కింది, మోకాలి కింద జానెడు మిగిలి ఉండగానే గుడ్డ అయిపోయింది. ఆ వానాకాలం నుంచి ప్రతిరోజూ అట్లాగే అయిపోతోంది. తక్కువైన ముక్క ఎక్కడ ఉందో నాకు తెలుసు. అడగలేదు.

తల ఎత్తి చూశాను. కన్నియమ్మాళ్ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. చీరే కట్టుకుంది. చొక్కా లేదు, పాగా లేదు. గుడ్డ ముక్క ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఎడమచేతి గాజులకు చుట్టుకుంటోంది. కుడిచేతివి అప్పటికే చుట్టేసింది. వంతెన దగ్గర మాత్రం చేయి వేస్తానంది. అక్కడిదాకా వెనక దూరంగా నడుస్తానంది. ఎవరికీ వినబడదంది.

"ఇట్లా రా" అన్నాను.

వచ్చి కూర్చుంది. కుడిచేయి పట్టుకుని ముడి విప్పాను. నా వేళ్ళు మొద్దువి. ముడి బిగిసి ఉంది. ఆమె విప్పనీయకుండా చేయి లాక్కోబోయింది. నేను వదల్లేదు. రెండు చేతుల గుడ్డా విప్పాను. గాజులు ఒకదాని మీద ఒకటి పడి మోగాయి.

ఆ గుడ్డను నా పట్టీ కొసకు ముడివేసి మోకాలి దాకా చుట్టుకున్నాను. సరిపోయింది.

"వీధి ఇంటుంది" అంది ఆమె.

"ఇననీ."

బండి వాకిట్లో నుంచి తిప్పాము. కడ్డీ మీద కుడివైపు నా చేతులు, ఎడమవైపు ఆమె చేతులు. ఖాళీ బండి తేలిగ్గా పోయింది. గతుకు వచ్చినప్పుడల్లా గాజులు మోగుతున్నాయి. మా అన్న తన తిన్నె మీద కూర్చుని వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. మమ్మల్ని చూశాడు. పుల్ల నోట్లోనే ఆగింది. పక్కనున్న నీళ్ళ చెంబు తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అది కోపంతో వేసిన తలుపు కాదు. మాట ప్రకారం వేసిన తలుపు. ఆ చప్పుడు నాకు చాలాకాలం వినబడింది.

కన్నియమ్మాళ్ చేతులు కడ్డీ మీద బిగుసుకున్నాయి. ఆగలేదు.

"అమ్మే" అని వెనక నుంచి తాయమ్మాళ్ కేకేసింది. "ఆ గాజులు యాడ కొన్నావే? బాగుండాయి."

రెడ్డియార్‌పాళయం చేరేసరికి ఎండ ఇంకా పసుపుగానే ఉంది. కుప్పన్ మాకంటే ముందే వచ్చాడు. అయ్యగారి ఇంటి గోడ వార చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఇద్దరినీ చూసి ముందుకు ఒక అడుగు వేశాడు, ఆగిపోయాడు. తోసేచోట తనకు ఖాళీ లేదు.

గాజుల చప్పుడుకు ముందు వసంతమ్మగారు బయటికి వచ్చారు. అయ్యగారి ఇల్లాలు. నా కాలు చూశారు, కన్నియమ్మాళ్ చేతులు చూశారు. లోపలికి పోయారు. ఆ వెంటనే కోటు గుండీలు పెట్టుకుంటూ అయ్యగారు వచ్చారు. చేతిలో గొడుగు. బండి చుట్టూ తిరిగి మా ఎదురుగా నిలబడ్డారు.

"మునుసామీ. మంచి కాళ్ళున్నవాణ్ణి గదా పంపమన్నాను."

"మా ఇద్దరికీ కలిపి మూడుండాయయ్యా" అన్నాను. "చాలవా?"

కుప్పన్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అయ్యగారు నవ్వలేదు.

"ఆడమనిషి తోసే బండిలో నేను రేవుకు పోవాలా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"వానాకాలం మొదలైనప్పటి నుంచి పోతానే ఉండారయ్యా. నాకు జ్వరం వచ్చిన ప్రతి పొద్దూ ఈమే. మీరు ఆలస్యంగా చేరింది ఒక్కనాడుందా?"

అయ్యగారి కళ్ళు ఒక్కసారి కన్నియమ్మాళ్ మీదికి పోయి, రోడ్డు మీదికి పోయాయి. జ్ఞాపకం చేసుకుంటున్నట్టు ఉన్నారు. ఏ రోజు నేను, ఏ రోజు ఆమె అని. తేలినట్టు లేదు. రోడ్డు మీద ఆయన దోస్తు సుందరమూర్తిగారి బండి రేవు వైపు పోతోంది. ఆ టాపు కింద నుంచి ఒక తల ఇటు తిరిగింది.

నేను అంతకుముందు ఆయనతో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంకొక మాటే మిగిలింది. అడ్డకడ్డీ పట్టుకున్నాను. నా పక్కన ఆమె పట్టుకుంది. గాజులు మోగాయి.

"ఎక్కండయ్యా" అన్నాను.

అయ్యగారు గొడుగు మడిచారు. ఒక కాలు మెట్టు మీద పెట్టారు. రెండోది ఇంకా నేల మీదే ఉంది.